తొమ్మిది గిడుగులు

మా తమ్ముడు సామ్యేలు పొద్దున్నే ఫోను చెయ్యడు. చేశాడంటే ఎవరో పోయారని అర్థం. అందుకని ఆ రోజు ఫోను తియ్యగానే "ఎవుల్రా?" అన్నాను. "ఎవులూ పోలేదప్పా. పాత వంతెన గుంజలు పీకేస్తన్నారు. నాన్న ఏటిగట్టు మీద కుర్చీ ఏయించుకుని కూకున్నాడు. రెండు రోజులయినాది. కూటికీ రాడు, నీడకీ రాడు. నా మాట ఇనడు. నువ్వొకపాలి రా" అన్నాడు. నేను విజయనగరంలో ఉంటాను. ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. నా నోరు పెద్దదని పేరు. డాక్టర్లని కూడా కసిరినదాన్ని. రోగుల చుట్టాలు నన్ను చూస్తే గోడకి ఆనుకుని నడిచేవారు. అటువంటిదాన్ని, ఆ వంతెన మాట వినగానే సామ్యేలుని కసరకుండానే సంచీ సర్దుకున్నాను. ఆ వంతెన దగ్గర జరిగినదాని గురించి నాన్నకి చెప్పవలసిన మాట ఒకటి చిన్నప్పట్నించీ నాలోనే ఉండిపోయింది. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్క మాటకే నాకు నోరు రాలేదు. నాన్నకి తొంభై దగ్గర పడుతున్నాయి. చెబితే ఇప్పుడే చెప్పాలి, లేకపోతే నాతోనే మట్టిలో కలిసిపోతుంది.

రాజాంలో బస్సు మారి పాతపట్నం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్కణ్ణించి ఆటో. కొత్త సిమెంటు వంతెన మొదట్లో దింపమన్నాను. దాని పక్కనే, పాత కర్ర వంతెన ఉన్నచోట, యంత్రం ఒకటి ఏట్లో దిగి గుంజలకి గొలుసు బిగించి లాగుతోంది. నాన్న ప్లాస్టిక్ కుర్చీలో, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి "ఎస్తేరా?" అని, మళ్ళీ ఏటివైపు తిరిగిపోయాడు. "ఇయ్యాల నాలుగు పీకినారు. ఇంకా ఏడున్నాయి" అన్నాడు. "ఏటికి నాన్నా ఈ లెక్క? ఎండలో కూకుని?" అంటే, "లెక్కెట్టుకోడం నా పని కాదేటి?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "కర్ర సూసినావా. ఇన్నేళ్ళు నీటిలో నానినాది. లోపల ఇంకా ఎర్రగానే ఉన్నాది" అన్నాడు. పీకిన గుంజలు గట్టు మీద పడేసి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూశాను. పైన నల్లగా నాచు పట్టి, విరిగినచోట నిజంగానే ఎర్రగా ఉన్నాయి. వాటినించి వచ్చే వాసన నేను మరిచిపోయాననుకున్న వాసన. నానిన కర్ర, బురద, చచ్చిన గుల్లలు. ఆ వాసన తగిలాక నాకు ఇక వేరే సంగతేదీ తోచలేదు.

మా పేట మహేంద్రతనయ ఏటికి ఇవతల ఒడ్డున. అందరం బాప్టిస్టు సంఘం వాళ్ళమే, అందరం కూలి చేసుకునే వాళ్ళమే. పొలాలు అవతలి ఒడ్డున. ఆ పొలాల వెనకనించి గెడ్డ, అంటే వాగు, ఒకటి వచ్చి దిగువన ఏట్లో కలుస్తుంది. ఏరూ గెడ్డా రెండూ పొంగితే ఆ పొలాలు లంక అయిపోతాయి. అక్కడున్న మనిషికి ఇటు రావడానికి కర్ర వంతెన తప్ప దారి లేదు. వంతెన గుంజలూ దూలాలూ గుగ్గిలం కర్ర. వాటిమీద పలకలు. పలకలకి మేకులు కొట్టేవారు కాదు. దూలంలో తొలిచిన గాడిలో పెట్టి, కొబ్బరి తాడుతో కట్టి ఉంచేవారు. మేకులు కొడితే వరదకి కొట్టుకొచ్చే చెట్లూ చెత్తా పలకలకి అడ్డం పడి మొత్తం వంతెననే ఎత్తుకుపోతాయని పెద్దలు ఒకటి రెండుసార్లు నష్టపోయి తెలుసుకున్నారు. అందుకని ఏరు వస్తోందంటే పలకలు ఎత్తెయ్యాలి. అవతలి కొసనించి మొదలుపెట్టి ఒక్కొక్క పలకే విప్పుతూ, చేతులు మార్చుకుంటూ వెనక్కి రావాలి. ఎత్తిన పలకలు గుడి వరండాలో పేర్చాలి. మా పేటలో గుడి అంటే ప్రార్థన గుడే. అందరి ఇళ్ళకన్నా మెరకలో ఉండేది. నీళ్ళు పోయేదాకా వంతెన ఉండదు, వట్టి గుంజలే ఉంటాయి. ఎప్పుడు ఎత్తాలో చెప్పేది మా నాన్న. పలకల దానియేలని ఆయన పేరు. నేను చెప్పబోయే ఆ రోజు దాకా ఆయన చేతి మీద ఒక్క పలకా పోలేదు.

ఎలా చెప్పేవాడంటే, మాకు వాన పడిందా లేదా అని చూసేవాడు కాదు. మా ఏరు మా వానకి రాదు, ఒడిశా కొండల మీద పడే వానకి వస్తుంది. ఇక్కడ ముసురు కూడా సరిగా పట్టకుండానే అక్కడ కుండపోత. పొద్దున్నే రేవులోకి దిగి దోసిలితో నీళ్ళు తీసుకుని, వేళ్ళ మధ్య రాసి చూసి, నాలిక్కి తగిలించుకునేవాడు. నీటిమీద అడ్డాకులు తేలుతూ వస్తే, అడ్డాకులు కొండమీద తప్ప ఉండవు కాబట్టి, "రేపటికల్లా వస్తాది" అనేవాడు. ఆకుల్తోపాటు నురుగొస్తే "రేపేటి, మజ్జాన్నానికే" అని లేచిపోయేవాడు. వరద రోజుల్లో ఆదివారం వస్తే మాకు పండగ. మామూలప్పుడు గుడిలో నేలమీదే కూర్చుంటాం. వరదప్పుడు వంతెన పలకలని ఇటికల మీద పరిచి బెంచీలు చేసేవారు. పాదాలు నేలకి అందక కాళ్ళు ఊపుకుంటూ కూర్చునేదాన్ని. తడి పలక చల్లదనం పావడాలోంచి తగిలేది. అయ్యగారు వాక్యం చెబుతుంటే మా పక్కన రూతత్త చెవిలో "వంతెన మీద కూకుని పార్దన సేస్తన్నాం, కిందన సేపలు ఇంటన్నాయి" అని నవ్వించేది. అమ్మ వెనకనించి మా ఇద్దరి వీపులమీదా ఒక్కొక్కటి వేసేది.

రూతత్త నాన్నకి ఆఖరి చెల్లెలు. తల్లి లేకుండా నాన్న చేతుల్లో పెరిగింది. నేను పుట్టేనాటికి దానికి తొమ్మిదో పదో ఏళ్ళుంటాయేమో. నన్ను చంకనేసుకునే ఆడుకుంది. దానికి ఎవరు ఏమడిగినా లేదనడం రాదు. వీధిలో పోయేవాళ్ళు మంచినీళ్ళడిగితే నీళ్ళూ ఇచ్చి, ఉంటే బెల్లంముక్కా పెట్టేది. "నీది సెయ్యి కాదే, కన్నంపడ్డ సేద" అని అమ్మ తిట్టేది. అమ్మకి వస్తువు అంటే ప్రాణం. ఉన్నవే నాలుగు. వాటిలో ముఖ్యమైనది ఇత్తడి తప్పేలా, మూతతో సహా. అమ్మని కన్నవారు పెళ్ళికి ఇచ్చినది అదొక్కటే. తప్పేలా మెడ మీదా మూత మీదా మార్త అని అమ్మ పేరు చుక్కల్తో కొట్టించి ఉండేది. దాన్ని బూడిదా చింతపండూ పెట్టి తోమి, ఎండలో బోర్లించి, ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి చుట్టూ చూసుకునేది. నేను ఒకసారి గరిటె పారేసుకొస్తే ఆ రాత్రి నాకు కూడు పెట్టలేదు. "దొరికేదాకా ఇంట్లోకి రాకు" అంది. గరిటెకే అంత.

ఆ తప్పేలాలోనే చోడంబలి కాచేది, చోళ్ళంటే రాగులు. రాత్రి నానబెట్టిన చోడిపిండి పొద్దున్నే పొయ్యిమీద ఉడుకుతుంటే వచ్చే పుల్లటి వాసనకి నేను లేచేదాన్ని. నాన్నకి అమ్మ చేత్తో పొయ్యాలి. తను పోసుకునేవాడు కాదు. ఉల్లిపాయ చితక్కొట్టి, పచ్చిమిరపకాయ, ఉంటే కాల్చిన నెత్తళ్ళు పక్కన పెట్టి, అమ్మ ఎదురుగా గొంతుక్కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకునేది కూడా ఉండదు. నాన్న గిన్నె ఎత్తి తాగి, ఆఖరి గుక్క వదిలేసి, గిన్నె అమ్మ చేతికిచ్చేవాడు. అమ్మ ఆ గుక్క తాగి లేచేది. ఒకరోజు నేను ఆ గిన్నెకి చెయ్యి చాస్తే, నాన్న "అది మీ అమ్మది" అన్నాడు. మా ఇంట్లో ముద్దుముచ్చట్లు అంటే నేను చూసినది అదే.

నాకు పదేళ్ళున్నప్పుడు, ఉడుపుల కాలంలో ఒక రోజు. సన్నగా ముసురు. పేటలోంచి తొమ్మిదిమంది ఆడవాళ్ళు అవతలికి నాట్లకి వెళ్ళారు, రూతత్తతో సహా. అమ్మకి జ్వరం తగిలి వెళ్ళలేదు. వాన రోజుల్లో నాట్లకి వెళ్ళేవాళ్ళందరూ గిడుగులు వేసుకునేవారు. ఇప్పటి పిల్లలకి తెలియదు, గిడుగంటే తాటాకుల్తో అల్లినది, తల మీదనించి నడుం దాకా వీపంతా కప్పుతుంది. వంగి నాటు వేస్తుంటే వాన వీపున పడకుండా జారిపోతుంది. వేసుకున్నాక మనిషి కనపడదు, ముఖం అసలు కనపడదు. నాన్న పొద్దున్న వంతెన మొదట్లో నిలబడి ఎంతమంది దాటారో లెక్కపెట్టుకునేవాడు. ఎంతమంది వెళ్ళారో అంతమందీ రావాలి; వచ్చాక కూడా అవతలి కొసన నిలబడి మూడుసార్లు కేకెయ్యాలి; ఎవరూ పలక్కపోతేనే పలక మీద చెయ్యి వెయ్యాలి. అది ఆయన కట్టుబాటు. వానరోజుల్లో లెక్కపెట్టేది మాత్రం గిడుగులనే. అందరూ అలాగే చేసేవారు, అందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం అంబలి తప్పేలా నెత్తినపెట్టుకుని నేను పొలానికి వెళ్ళాను. చేలో మంచె ఒకటి ఉండేది, చిలకల్ని తోలడానికి వేసినది. దాని కింద కూర్చుని అందరూ తాగారు. మూత తిరగేసి దానిలో ఉల్లిపాయలూ మిరపకాయలూ పెట్టి చుట్టూ తిప్పారు. కొండమీదనించి చీపుర్లమ్ముకోడానికి దిగిన సవర ముసలమ్మ ఒకామె తడిసి వణుకుతూ వస్తే ఆమెకీ దోసిట్లో పోశారు. ఆమె ఏటికి ఇవతల సంతకి పోవాలి. నేను తప్పేలా తీసుకుని ఇంటికి వచ్చేశాను. తరవాత తోమడానికి రేవుకి వెళ్ళాను. రేవు వంతెనకి కాస్త ఎగువన. బూడిద రాస్తూ చూసుకుంటే మూత లేదు. మంచె కిందే వదిలేశాను. సరిగ్గా అప్పుడే వంతెన దగ్గర డబ్బా మోత మొదలైంది. నాన్న అవతలి కొసన నిలబడి డబ్బా మోగిస్తూ "రండర్రో, ఏరొచ్చేస్తన్నాది" అని కేకలేస్తున్నాడు. నా కాళ్ళ దగ్గర నీళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అడ్డాకులు గుంపులు గుంపులుగా పోతున్నాయి. నేను చూశాను. చూడలేదని చెప్పను.

అవతలి గట్టు మీద ఆడవాళ్ళు వరసగా వంతెనవైపు పరిగెత్తుతున్నారు. ఆఖరున సవర ముసలమ్మ, ఆమె వెనక రూతత్త. ముసలమ్మ మీద గిడుగుంది, అత్త మీద లేదు. జుట్టంతా తడిసి ముఖానికి అతుక్కుపోయి ఉంది. ముసలమ్మ అడిగిందో, అత్త అడక్కుండానే ఇచ్చిందో. నేను రేవు రాయి మీద లేచి నిలబడి గొంతు చించుకుని అరిచాను. "అత్తా, మూత మరిసిపోనాను. మంచె కాడుంది. అమ్మ సంపేస్తాది." అత్త ఆగింది. ఏటి హోరులో విందో లేదో అనుకున్నాను. చెయ్యెత్తి, ఉండు, తెస్తాను అన్నట్టు ఊపింది. వెనక్కి తిరిగి చేలోకి పరిగెత్తింది. నాకు మనసు నెమ్మదించింది. అత్త పరుగులో పేటలో ఎవరికీ అందదు, వచ్చేస్తుందిలే అనుకుని తప్పేలా కడుక్కుని ఇంటికొచ్చి, అమ్మ చూడకుండా సత్తుపళ్ళెం ఒకటి దానిమీద మూతపెట్టి మూల నిలబెట్టాను.

వంతెన దగ్గర జరిగినది తరవాత మగవాళ్ళ నోట విన్నాను. ఒక్కొక్క గిడుగూ పలక మీద అడుగుపెడుతుంటే నాన్న పైకే లెక్కపెట్టాడట. తొమ్మిదోది ముసలమ్మది. "తొమ్మిది, సరి" అన్నాడట. అప్పటికే నీళ్ళు దూలాలకి తగులుతున్నాయి. లెక్క సరిపోయింది కాబట్టి మూడు కేకలూ వెయ్యలేదు. ఆయన బతుకులో వెయ్యనిది ఆ ఒక్కరోజే. ముసలమ్మ గిడుగుతోనే సంతకి వెళ్ళిపోయింది, ఆమెకేం తెలుసు. ఆడవాళ్ళు ఎవరి ఇళ్ళకి వాళ్ళు పరిగెత్తారు, ముందెవరో వెనకెవరో చూసుకోలేదు. పలకలు గుడి వరండాలో పడుతున్న చప్పుడు నేను మా అరుగు మీద కూర్చుని విన్నాను. ఆఖరి పలక పడ్డాక కాసేపటికి ఏటిగట్టు మీదనించి ఎవరిదో ఏడుపు.

పరిగెత్తాను. పేటంతా గట్టు మీదే ఉంది. అవతల, వంతెన కొస గుంజ పట్టుకుని రూతత్త నిలబడి ఉంది. మధ్యన వట్టి దూలాలు, వాటి మీదనించి నీళ్ళు. అత్త అరవడం లేదు. అలా చూస్తోంది. నాన్న గుడి వరండాలోంచి పలక ఒకటి భుజాన్నేసుకుని పరిగెత్తుకొచ్చి దూలం మీద పెట్టబోయాడు. ఏరు పలకని చేతిలోంచి లాక్కుపోయింది. ఇంకొకటి తెచ్చాడు, అదీ పోయింది. మూడోదానికి నలుగురు మగవాళ్ళు ఆయన్ని పట్టుకుని కింద పడేశారు. "ఒగ్గీండర్రా, అది నా సెల్లి" అంటాడు, వాళ్ళు ఒగ్గరు. పాతపట్నంనించి పడవ తెమ్మని ఒక మనిషిని పంపారు. ఆ రోజు ఎవరు పడవ వేస్తారు. పెద్దలు చేత్తో సైగలు చేసి అత్తని మంచె ఎక్కమన్నారు. ఎక్కింది. వెనకనించి గెడ్డ కూడా పొంగి చేలన్నీ ఒకటే నీరయ్యాయి. చీకటి పడేదాకా మంచె మీద ముడుచుకుని కూర్చున్న ఆకారం కనపడుతూనే ఉంది. అయ్యగారు గట్టు మీదే మోకరించి ప్రార్థన చేశారు. నేను అమ్మ చీర పట్టుకుని నిలబడ్డాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. అమ్మ జ్వరంతో వణికిపోతూ "దేవుడా, అదేటికి ఎనక పడిపోనాది, అదేటికి ఎనక పడిపోనాది" అని ఒకటే మాట. ఆ మాటకి జవాబు నా ఒక్కదానికే తెలుసు. నేను చెప్పలేదు. తెల్లారేసరికి మంచె లేదు.

మూడోరోజు దిగువన ఒక ఊరివాళ్ళు కబురంపారు. నాన్నా ఇంకో ఇద్దరూ వెళ్ళి తెచ్చారు. నాన్న ఒక్కడే ముందు దగ్గరికెళ్ళి, చీర సర్ది, దుప్పటి కప్పి, తరవాత మిగతావాళ్ళని రానిచ్చాడట. గుడి వెనక సమాధుల దిబ్బ మీద పెట్టాం. పెట్టె చెయ్యడానికి చెక్క లేక వంతెన పలకలే కోశారు. నాన్న ఆ తరవాత పలకల పని మానేశాడు. ఎవరైనా అడిగితే "నా లెక్క తప్పు" అనేవాడు, అంతే. అందరూ ఓదార్చారు. ముసలమ్మ గిడుగులో వచ్చిందని నీకేం తెలుసు అన్నారు. "తెలుసుకోవాల" అనేవాడు. నేను ఆ మాట విన్నప్పుడల్లా గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. తప్పు నాది, మోస్తున్నది ఆయన. ఇంతే అనుకున్నాను. అంతకన్నా ఇంకేముంటుంది అనుకున్నాను.

ఇంట్లో మాత్రం ఇంకొకటి మారింది. నాన్న అంబలి తనే ముంచుకుని తాగడం మొదలెట్టాడు. అమ్మ పొయ్యబోతే "ఉండనీ" అనేవాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్న అమ్మని చూసేవాడు కాదు. అడుగు గుక్క కూడా మిగల్చకుండా తాగి, గిన్నె తనే కడిగి, అరుగు అంచున బోర్లించి వెళ్ళిపోయేవాడు. తిట్టడు, కొట్టడు, కూలిడబ్బులు తెచ్చి చేతికిస్తాడు. గొడవైతే ఊరు వింటుంది, పెద్దలు చెబుతారు. ఇది ఎవరికి చెప్పుకుంటుంది అమ్మ? బోర్లించిన ఆ గిన్నెని చూస్తూ చాలాసేపు నిలబడేది. మూత ఏమైందని నన్ను అడగనే లేదు. మూతలేని తప్పేలా మీద ఆ సత్తుపళ్ళెమే చివరిదాకా ఉండిపోయింది. పోయే ముందు ఆస్పత్రిలో, నేను డ్యూటీ చేసే వార్డులోనే, అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఎస్తేరూ, మీ నాన్నకి నా మీద ఏటి కోపమో నీకేటైనా తెలుసేటే?" అంది. "కోపమేటమ్మా, సెల్లి పోయిన బెంగ" అన్నాను. "బెంగైతే నా కాడ ఏడిసేవోడు" అంది. రెండోరోజు పోయింది. అమ్మనీ గుడి వెనక దిబ్బ మీదే పెట్టాం.

నేను ఊరొచ్చిన ఆ సాయంత్రం యంత్రం ఆగాక నాన్న అతి కష్టం మీద ఇంటికి లేచి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ గట్టుకి. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. సామ్యేలు పెళ్ళాం గ్లాసుతో అంబలి పంపింది. నాన్న గ్లాసు ఒళ్ళో పెట్టుకుని ఏటివైపు చూస్తున్నాడు. ఏరని పేరేగాని ఇసక లారీలు తవ్వుకుపోయిన గోతులు. మొన్నటి పెద్ద తుపానుకి ఈ గోతులన్నీ నిండి, సిమెంటు వంతెనని ఏమీ చెయ్యలేక నీరు పక్కనించి తిరిగొచ్చి పేటలో పదిళ్ళు తీసుకుపోయింది. అప్రమత్తంగా ఉండండని అందరి ఫోన్లలోకీ ముందే కబురొచ్చిందట. అందరూ ఫోన్లు చూసుకుని స్కూలు బిల్డింగుకి పోయారు. నాన్న ఒక్కడే స్కూల్లో గుమ్మం దగ్గర నిలబడి "ఎందరొచ్చినారు, ఎందరు రావాల?" అని వచ్చినవాళ్ళనల్లా అడిగాడట. ఎవరూ చెప్పలేకపోయారు. సామ్యేలు నవ్వుతూ చెప్పాడు నాకు. ముసిలోడికి సాదస్తం అన్నాడు. ఇప్పటి వంతెన ఎవరికోసమూ ఆగక్కర్లేదు, ఎవరినీ లెక్కపెట్టక్కర్లేదు, అది నిజమే. అది మంచిదో చెడ్డదో చెప్పే హక్కు నాకు లేదు.

"నాన్నా, ఒక మాట సెప్పాల" అన్నాను.

"సెప్పు."

"రూతత్త ఎనక్కెల్లింది నా వల్ల. తప్పేలా మూత మంచె కాడ మరిసిపోనాను. రేవులోంచి అరిసి తెమ్మన్నాను. నీ డబ్బా మోత ఇనపడతానే ఉన్నాది, అయినా అరిసినాను."

నాన్న తల తిప్పలేదు. యంత్రం గొలుసు బిగిస్తోంది. "నువ్వా?" అన్నాడు.

"నానే."

"మీ అమ్మ కాదా?"

నాకు మొదట ఆ మాట అర్థం కాలేదు. "అమ్మకేటి తెలుసు? అమ్మ జొరంతో పడుకుని ఉన్నాది. మూత పోయినట్టు కూడా అప్పటికి తెలీదు. అమ్మకి సెప్పనే లేదు నాను."

"మీ అమ్మకి తెలీదా" అన్నాడు నాన్న. అడిగినట్టు లేదు. తనే చెప్పడం మొదలెట్టాడు, ఏటితో చెబుతున్నట్టు. "దాని కొంగుకి ముడేసి ఉన్నాది ఆ మూత. గట్టిగా ముడేసినాది, ఏరు కూడా ఇప్పలేదు. ఇప్పి సూసినాను. మార్త అని ఉన్నాది. నాకు సదువు రాదు, గానీ ఆ రెండచ్చరాలూ వచ్చు. మీ అమ్మే నేర్పినాది. మూత కోసం నా సెల్లిని ఎనక్కి పంపినాదనుకున్నాను. ఎవులికీ సెప్పలేదు. పెట్టిలో దాని కాళ్ళకాడ ఎట్టీసినాను."

"ఒకపాలి అడగొచ్చు కద నాన్నా అమ్మని."

"అడిగితే అవునంటాదని బయం" అన్నాడు.

బోర్లించిన గిన్నెలు గుర్తొచ్చాయి, ఎన్ని వేల పొద్దుల గిన్నెలో. నేను దాచినది నా తప్పొక్కటే అనుకున్నాను. అమ్మ బతుకు మొత్తం దానికింద ఉండిపోయిందని నాకు తెలియదు. ఏదో అనాలని "అప్పుడు సంటిదాన్ని నాన్నా, బయపడ్డాను" అన్నాను.

"సంటిదానివే. సరే" అన్నాడు. "తరవాతేటి?"

ముప్ఫయ్యేళ్ళు అందరినీ కసిరిన నోరు ఆ ప్రశ్న ముందు తెరుచుకోలేదు. నాన్న నన్ను తిట్టలేదు. నావైపు చూడనూ లేదు. ఏట్లో గుంజ ఒకటి బురదలోంచి చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. ఆయన దాన్ని లెక్కపెట్టలేదు.

అంబలి చల్లారిపోయింది. తాగమన్నాను. గ్లాసెత్తి నెమ్మదిగా తాగాడు. అడుగున ఒక గుక్క మిగిల్చి ఆపాడు. నేను ఖాళీ గ్లాసనుకుని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. గుడి వెనక దిబ్బవైపు ఒకసారి చూసి, ఆ గుక్కతోనే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.